ముందు మానేసిన పని

కొలార్డ్ ఆకుకూరను మూడు నీళ్ళలో కడగాలి. మొదటి నీళ్ళలో మట్టి దిగుతుంది, రెండో నీళ్ళలో ఇసుక దిగుతుంది. మూడో నీళ్ళు అత్తగారి కోసం. ఆ నీళ్ళు అద్దంలా ఉన్నా సరే, చర్చిలో అందరూ మదర్ అని పిలిచే ఆ ఒఫీలియా ఒక ఆకు తుంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంకా కరకరమంటోంది" అనకుండా ఉండదు. ఇరవై ఆరేళ్ళుగా ఇంతే.

ఆ ఆదివారం ఉదయం, చర్చి కింది వంటగదిలో మోచేతుల దాకా నీళ్ళలో ఉన్న వెర్నీటా బాయ్‌కిన్ ఆ మాట కోసమే ఎదురుచూసింది. మాట రాలేదు. తల తిప్పి చూసింది. అత్తగారు కుర్చీలో కూర్చుని చిలగడదుంపల చెక్కు తీస్తోంది.

కూర్చుని.

డెబ్బై మూడేళ్ళ ఆ మనిషి వంటగదిలో కూర్చోగా వెర్నీటా ఎన్నడూ చూడలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో తను నడుం నొప్పికి కుర్చీ లాక్కుంటే, "వంటింట్లో కుర్చీ ఎందుకు, చుట్టాలెవరైనా వస్తున్నారా?" అని నలుగురిలో నవ్వించిన మనిషి.

"ఆ ఇనప కుండ పొయ్యి మీదికి నువ్వే ఎత్తు," అంది మదర్ ఒఫీలియా, తల ఎత్తకుండా. "నా చేతులు జిడ్డుగా ఉన్నాయి."

ఆమె చేతులు జిడ్డుగా లేవు. పొడిగా, బూడిద రంగులో ఉన్నాయి. వెర్నీటా గోడ గడియారం వైపు చూసింది. ఎనిమిదీ నలభై. ఎందుకు చూసిందంటే, ఆమె పనే అది.

గంటన్నర దూరంలోని విశ్వవిద్యాలయంలో ఆమె నర్సింగ్ పరిశోధకురాలు. అమెరికా దక్షిణాన అలబామాలో ఈ మూడు కౌంటీల, అంటే జిల్లాల, నల్లజాతి ఆడవాళ్ళు గుండెపోటు వచ్చాక ఆస్పత్రికి ఎందుకంత ఆలస్యంగా వస్తున్నారు, వచ్చేలోపే ఎందుకు పోతున్నారు అన్నది ఆమె తేల్చాలనుకున్న సంగతి. డాక్టర్లందరూ అడిగేది ఒకే ప్రశ్న, ఛాతీలో నొప్పి వచ్చిందా అని. రాలేదనేవాళ్ళు. చాలామందికి నిజంగానే రాలేదు. అలసటగా ఉండేదా అని అడిగితే నవ్వేవాళ్ళు. "అలసట లేనిదెప్పుడమ్మా, పుట్టకముందా?" అంది ఒకావిడ. అలా రెండేళ్ళు ఖాళీ గళ్ళు నింపి నింపి విసిగిపోయి, ఒకరోజు వెర్నీటా ప్రశ్న మార్చింది. మీరు ముందుగా మానేసిన పని ఏది? అంతే, గట్టు తెగినట్టు మాటలు వచ్చాయి. ఒకామె పరుపు మీద దుప్పటి మార్చడం మానేసింది. ఒకామె బట్టల బుట్ట ఎత్తడం మానేసి కాలితో నెట్టుకుంటూ వెళ్ళేది. ఒకామె మనవరాలికి జడలు అల్లడం మానేసింది, చేతులు పైకి నిలవక. ఇంకొకామె పాటగుంపులో రెండో చరణం నుంచి పెదవులు మాత్రం కదిపేది. మూడు వారాల ముందు, నాలుగు వారాల ముందు. గుండె ముందుగా ఇంటి పనిలోంచే మాట్లాడుతోంది. ఆ ఇళ్ళల్లో పని ఆగిందని అందరూ గమనించారు. వంట ఆలస్యమైందేమని అడిగారు, దుప్పటి మాసిందేమని అడిగారు. నీకేమైందని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నను ఆమె పై అధికారి, గుండె వైద్యుడు డాక్టర్ విట్లో, ఎర్ర సిరాతో కొట్టేశాడు. "వెర్నీటా, ఇవి వంటింటి కబుర్లు. మనం చేసేది సైన్సు." ఆమె పట్టువదలక ఉంచింది. ఏడాది తిరక్కుండానే విట్లోయే పెద్ద సభలో ఆ ప్రశ్నే తెర మీద వేసి, అది తనకు ఎలా తట్టిందో చెప్పాడు. చివర్లో వెనక వరుస వైపు చెయ్యి చూపించి, "మా నర్సు వెర్నీటా. ఊళ్ళోంచి మనుషుల్ని పోగేయడంలో ఈమె తరవాతే ఎవరైనా," అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఇంటికొచ్చి చెప్పుకుంటే భర్త థర్మన్ చొక్కా విప్పుతూ, "ఊళ్ళో అందరి గుండెలూ పట్టించుకుంటావు, నా గుండీ ఊడి నెలైంది," అన్నాడు. సరదాకే అన్నాడు. ఆమె నవ్వింది కూడా. నవ్వి, సూదీ దారం తెచ్చుకుంది.

ఇప్పుడు తడి చేతులు తుడుచుకుని ఆ ప్రశ్నే అత్తగారి ముందు పెట్టింది.

"మదర్, ఈ మధ్య ఇంట్లో ఏ పని మానేశారు?"

"నీకు సమాధానాలు చెప్పే పని."

"దవడ ఎందుకు రుద్దుకుంటున్నారు?"

"పన్ను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కోడలిగా వచ్చినప్పట్నుంచి," అంది మదర్ ఒఫీలియా. పక్కన రొట్టెల పళ్ళేలు సర్దుతున్న సిస్టర్ జునీటా కిసుక్కున నవ్వింది.

"చెయ్యి ఇలా ఇవ్వండి. నాడి చూస్తాను."

ముసలామె చెయ్యి వెనక్కి లాక్కుంది. "నన్ను నీ కాగితాల్లోకి ఎక్కించకు. నలభై ఏళ్ళుగా ఈ చర్చిలో తెల్లబట్టలు కట్టుకుని మనుషుల్ని కనిపెట్టుకుని ఉన్నదాన్ని. నీ డాక్టరేటు పట్టా నిన్నగాక మొన్నటిది."

అప్పుడే థర్మన్ మెట్లు దిగి వచ్చాడు. డీకన్‌గా, అంటే చర్చి పెద్దగా, వేసుకునే నల్ల సూటు, ఛాతీ మీద గులాబీ, నడుముకు చర్చి తాళాల గుత్తి. "ఏంటి, పొద్దున్నే పరీక్షలు మొదలెట్టావా?"

"థర్మన్, మీ అమ్మని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్దాం."

"ఎందుకు?"

"కూర్చుంది."

అతను తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "డెబ్బై మూడేళ్ళ మనిషి కూర్చుంది. దానికి ఆస్పత్రా?"

అలా పైకి అంటే నవ్వులాటగానే ఉంది. ఆమె శాస్త్రం మొత్తానికీ ఉన్న చిక్కే అది. రెండు వందల మంది ఆడవాళ్ళ మాటలు దాని వెనక ఉన్నా, నోటితో చెబితే కోడలి సాధింపులా వినిపిస్తుంది.

"కుండ కూడా నన్నే ఎత్తమన్నారు."

"వెర్నీటా," థర్మన్ గొంతు తగ్గించాడు. "ఇవాళ అమ్మ రోజు. నలభై ఏళ్ళ సేవకి పాస్టర్ గారు అందరి ముందూ సన్మానం చేస్తున్నారు. ఈ ఒక్కరోజు నీ విద్య కట్టిపెట్టు. రేపు నేనే తీసుకెళ్తాను, నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికే. సరేనా?"

సరే అనలేదు. కాదనీ అనలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ రెంటికీ మధ్య ఒక చోటు కట్టుకుంది ఆమె. అక్కడ నిలబడితే ఎవరికీ కోపం రాదు. పొయ్యి వెలిగించింది.

జునీటా పైకి వెళ్ళాక, మదర్ ఒఫీలియా తెల్ల టోపీ పెట్టుకుని, తెల్ల చేతితొడుగులు వేసుకుని పైకి వెళ్ళింది. పదమూడు మెట్లు. కింద నుంచి వెర్నీటా లెక్కపెట్టింది. నాలుగో మెట్టు మీద ఆగింది. తొమ్మిదో మెట్టు మీద ఇంకోసారి ఆగింది, గోడకున్న పటం సర్దుతున్నట్టు.

పైన ఆర్గన్ మొదలైంది.

ఆ వాయిద్యం మొదలైతే చాలు, పన్నెండేళ్ళుగా వెర్నీటా అరచేతులకు చెమట పడుతుంది. అందుకే వంట పని ఎప్పుడూ తనే నెత్తిన వేసుకుంటుంది. వినయం అనుకుంటారు అందరూ.

అప్పట్లో ఆమె కూడా పైనే ఉండేది, తెల్లబట్టల్లో. ఆ చర్చిలో తెల్లబట్టల ఆడవాళ్ళ పని ఒకటే. పాట ఊపందుకున్నాక పరిశుద్ధాత్మ పూని ఎవరైనా నేలకొరిగితే, మర్యాద కోసం కాళ్ళ మీద గుడ్డ కప్పి, చుట్టూ మోకరించి అట్ట విసనకర్రలతో విసరాలి. శవపేటికల దుకాణంవాళ్ళు ఊరికే పంచిపెట్టే విసనకర్రలు, వెనక వైపు వాళ్ళ ఫోన్ నంబరు. పడ్డ మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు, పిలవకూడదు. దేవుడితో ఉన్న మనిషి తనంతట తనే లేవాలి. మదర్ ఒఫీలియా ఆ దళానికి పెద్ద.

పన్నెండేళ్ళ కిందట, ఈస్టర్ తరవాతి ఆదివారం, రెండో పాట మధ్యలో పడింది వెర్నీటా కన్నతల్లి, ఐడెల్లా. గుడ్డ కప్పింది వెర్నీటాయే. అప్పటికే ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన నర్సు. తల్లి పెదవుల రంగు చూసింది. చూసి, చెయ్యి చాచబోయింది. ఎదురుగా తెల్ల చేతితొడుగులో ఒక వేలు లేచింది. "ముట్టుకోకు. దేవుడి పనికి అడ్డం రాకు," అంది అత్తగారు. ఆస్పత్రిలో అయితే తొమ్మిది సెకన్లలో అత్యవసర మీట నొక్కి ఉండేది. ఇక్కడ ఆమె నర్సు కాదు, కోడలు. విసరసాగింది. పాటగుంపు పైనున్న గడియారంలో తొమ్మిది నిమిషాలు గడిచాయి. తను విసురుతూనే ఉంది, తల్లి చల్లబడుతూనే ఉంది.

అంబులెన్సు కుర్రాడు అడిగాడు, పడిపోయి ఎంతసేపైందని. వెర్నీటా నోటివెంట వచ్చిన మాట, "రెండు నిమిషాలు." ఎవరూ కాదనలేదు. సమాధి దగ్గర అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఎంత గొప్ప చావమ్మా, స్తుతి నోట్లో ఉండగానే వెళ్ళిపోయింది," అంది.

మరుసటి ఏడే ఆస్పత్రి మానేసి, నలభై ఒకటో ఏట మళ్ళీ పుస్తకాలు పట్టింది. పరిశోధన మొదలుపెట్టినప్పుడు పట్టికలో మొదటి వరుస తల్లి గురించే రాసింది. స్త్రీ, అరవై ఒకటి, చర్చి, ఆలస్యం రెండు నిమిషాలు. ఆ పట్టిక తెరిచిన ప్రతిసారీ ముందు కనిపించేది ఆ రెండు నిమిషాలే. రెండు వందల మంది ఆడవాళ్ళని నిజం చెప్పమని బతిమాలింది. ఎవరైనా గుచ్చి అడిగితే తేలేది ఒకటే: తన చదువు, తన ఉద్యోగం, ఆ ప్రశ్న, అన్నీ ఆ ఒక్క తప్పు అంకె మీద నిలబడి ఉన్నాయి.

పైన పాట వేగం పెరిగింది. నూట యాభై జతల బూట్లు నేలను తొక్కుతుంటే వంటగది కప్పు నుంచి సున్నం రాలి ఆకుకూరలో పడింది. దానికి మూత పెట్టబోతూ ఆగిపోయింది వెర్నీటా.

ఒక చప్పుడు. బూటు చప్పుడు కాదు. బియ్యం బస్తా దించినట్టు. గోడ గడియారంలో పదకొండూ పది.

పదమూడు మెట్లూ ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు. పైకి వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది. వేదిక ముందు మదర్ ఒఫీలియా వెల్లకిలా పడి ఉంది. కాళ్ళ మీద తెల్లగుడ్డ. చుట్టూ నలుగురు తెల్లబట్టలవాళ్ళు, నాలుగు విసనకర్రలు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. పాస్టర్ గ్రీర్ మైకులో, "నలభై ఏళ్ళు సేవ చేసిన తల్లిని ఈరోజు ఆయనే దిగివచ్చి తాకాడు," అంటున్నాడు. థర్మన్ చెంపల మీద కన్నీళ్ళు. ఆనందంతో.

"తప్పుకోండి," అంది వెర్నీటా. ఆర్గన్ హోరులో ఎవరికీ వినపడలేదు. థర్మన్ అడ్డం వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు. "వద్దు. అమ్మ నలభై ఏళ్ళు ఎదురుచూసింది దీనికోసం. పాడు చెయ్యకు. వెర్నీటా, నీకు దణ్ణం పెడతాను."

అతని భుజం మీదుగా అత్తగారి ముఖం కనిపించింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. బుగ్గలు బూడిద. ఆనాడు తల్లి పెదవులదీ సరిగ్గా అదే రంగు. గడియారం పదకొండూ పన్నెండు చూపిస్తోంది. కాళ్ళు కదలడం లేదు. తన కాళ్ళే. ఎవరో తన చేతిలో విసనకర్ర పెట్టారు. ఆ క్షణంలో ఆమెకు నిజంగా భయం వేసింది. అత్తగారు పోతుందని కాదు. తన చెయ్యి విసరడం మొదలుపెడుతుందేమోనని.

విసనకర్రను ఎప్రన్ జేబులోకి దోపింది. భర్త పట్టు విడిపించుకుని అత్తగారి వైపు వెళ్ళలేదు. గోడ వైపు వెళ్ళి, ఆర్గన్ తీగను పట్టుకుని, సాకెట్ నుంచి ఊడబీకింది.

ఆ చర్చి అంత నిశ్శబ్దంగా ఎన్నడూ ఉండలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక శబ్దం వినిపించింది, గురకలాంటిది, మధ్యలో తెగిపోయేది. చేప నీళ్ళ బయట పీల్చే ఊపిరి.

"ఇది ఆత్మ కాదు," అంది వెర్నీటా, మోకాళ్ళ మీద పడి రెండు అరచేతులూ అత్తగారి ఛాతీ మీద పెట్టి. "గుండె ఆగింది. జునీటా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. థర్మన్, పాస్టర్ గారి గది తాళం."

గుండెకు షాకిచ్చే పెట్టె ఆ గదిలోనే ఉంది. రెండేళ్ళ కిందట పరిశోధన తరపున వెర్నీటాయే తెచ్చి హాలు గోడకు బిగించింది. పాస్టర్ గారి పటం పక్కన ఆ ఎర్రపెట్టె ఆస్పత్రి గుర్తొచ్చేలా ఉందని తీయించి ఆ గది బీరువాలో పెట్టించింది మదర్ ఒఫీలియా.

థర్మన్ కదల్లేదు. తాళాల గుత్తిని పిడికిట్లో పట్టుకుని తల్లి ముఖమే చూస్తున్నాడు.

"థర్మన్, మా అమ్మని నేను ఇక్కడే చంపుకున్నాను. మీ అమ్మనైనా బతకనివ్వు."

అతను పరుగెత్తాడు.

ఎప్రన్ జేబులోని కత్తెరతో ఆమె ఆ తెల్లబట్టలను మెడ నుంచి నడుము దాకా కత్తిరించింది. జనంలోంచి ఎవరో ఆడమనిషి "అయ్యో, అందరి ముందూ" అంది. వెర్నీటా నొక్కుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. ఎముక విరిగిన చప్పుడు చేతికి తెలిసింది. ఆగలేదు. పెట్టె వచ్చింది. అందులోని రెండు జిగురు అట్టలు ఛాతీకి అతికించింది. ముట్టుకోవద్దంది పెట్టెలోని గొంతు. ముట్టుకోవద్దని ఈ నేల మీద చెప్పినవాళ్ళలో కారణం ఉన్నది దానికొక్కదానికే. ఒంట్లోంచి షాకు వెళ్ళింది. మళ్ళీ నొక్కడం. చేతులు పడిపోతుంటే జునీటాని లాగి కూర్చోబెట్టి, "ఇక్కడ, రెండు చేతులతో, రొట్టె పిండి అనుకో," అంది. జునీటా ఏడుస్తూనే నొక్కింది. తరవాత ఇంకో తెల్లబట్టల సిస్టరు. తరవాత మళ్ళీ వెర్నీటా. విసనకర్రలు నేల మీద పడి ఉన్నాయి. ఊళ్ళోని ఆస్పత్రి మూసేసి ఆరేళ్ళు. అంబులెన్సు పక్క కౌంటీ నుంచి రావాలి. రెండో షాకు తరవాత మెడ దగ్గర ఆమె వేళ్ళ కింద ఏదో కదిలింది. సన్నగా, దారప్పోగు లాగినట్టు. ఉందో లేదో అనిపించేలా. ఉంది.

అంబులెన్సు పదకొండూ ముప్పై నాలుగుకు వచ్చింది.

స్ట్రెచర్ బిగిస్తూ అందులోని మనిషి అడిగాడు. అదే ప్రశ్న. "ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడేనండీ," అన్నాడు థర్మన్. "పాట మధ్యలో. పొద్దున్నుంచీ బాగానే ఉంది."

"ఇరవై నిమిషాలైంది," అన్నాడు పాస్టర్ గ్రీర్. "ఈ అమ్మాయిని దేవుడే సమయానికి పైకి పంపాడు."

జనం ఆమెన్ అన్నారు. వెర్నీటా చుట్టూ చూసింది. ఆమెకు మళ్ళీ ఆ పాత చోటు సిద్ధంగా ఉంది, సరేకీ కాదుకీ మధ్య. ఊరుకుంటే చాలు. ఈ పూట ఆమె వీరనారి.

"ఎనిమిదీ నలభైకి," అంది. "కుండ ఎత్తలేక నన్ను ఎత్తమంది. కూర్చుని పని చేసింది. దవడ నొప్పి. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. పడింది పదకొండూ పదికి, నేను చెయ్యి వేసింది పదమూడుకి. రాసుకోండి."

అతను తల ఎత్తాడు. "మీరు చూశారా ఇవన్నీ?"

"చూశాను. నేను నర్సుని. నాకు తెలుసు."

థర్మన్ ఆమె వైపు తిరిగాడు. "తెలిసీ ఊరుకున్నావా?"

నువ్వే కదా ఊరుకోమన్నావు అనవచ్చు. ఆ మాట నాలుక చివర్న ఉంది, నిజం కూడా. దాన్ని అతనికివ్వలేదు. ఇస్తే ఆ తప్పు ఇద్దరి మధ్యా పంచుకుపోతుంది, మళ్ళీ ఎవరిదీ కాకుండా పోతుంది.

"ఊరుకున్నాను," అంది. "ఇది రెండోసారి."

స్ట్రెచర్ వెనకే అంబులెన్సులోకి ఎక్కింది. తలుపు దగ్గర థర్మన్ దిక్కుతోచక నిలబడి, "మరి కింద... వంట... ఇంతమంది..." అన్నాడు.

"ఆకు మూడు నీళ్ళు కడిగాను. పొయ్యి కట్టెయ్. నీ కారులో రా."

ఆస్పత్రికి యాభై నిమిషాల దారి. యంత్రం బీప్‌మంటోంది, తప్పుతోంది, మళ్ళీ అందుకుంటోంది. అత్తగారి ముక్కుకూ నోటికీ గొట్టాలు. కత్తిరించిన తెల్లబట్టల మీద ఎవరి దుప్పటో. ఒక చేతికి ఇంకా తొడుగు ఉంది. వెర్నీటా ఆ చేతిని పట్టుకుని కూర్చుంది. ఈ మనిషి బతుకుతుందో లేదో తన విద్యకు తెలియదు. ఎనిమిదీ నలభైకి బయలుదేరి ఉంటే బతికేదని తెలుసు. అది తెలిసే మిగతా కాలం గడపాలి.

దారిలో ఒకచోట, తొడుగులోని వేలు కదిలింది. చూపుడు వేలు. సగం లేచి నిలిచింది. వద్దంటోందో, ఒంట్లో వణుకో చెప్పలేం. వెర్నీటా దాన్ని మెల్లగా మడిచి తన అరచేతిలో పెట్టుకుంది.

రెండో చేత్తో ఎప్రన్ జేబు తడిమింది. విసనకర్ర తగిలింది. వెనక వైపు తిప్పి, శవపేటికల దుకాణం నంబరు కింద ఖాళీ చూసుకుని, అంబులెన్సు మనిషిని పెన్ను అడిగింది. రేపు ఉదయం డాక్టర్ విట్లో బల్ల మీద పెట్టాల్సిన కాగితం అది. అతను ఏమంటాడో తెలుసు. పట్టిక మొత్తం తప్పంటారు, ప్రశ్న ఆమెది కాకుండా పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది. పెన్ను ఒకసారి ఆగింది. యంత్రం మళ్ళీ అందుకుంది. రాసింది.

మొదటి వరుస. ఐడెల్లా. అరవై ఒకటి. చర్చి. ఆలస్యం: తొమ్మిది నిమిషాలు.

కొంచెం చోటు మిగిలింది. అక్కడ, చిన్న అక్షరాలతో: విసనకర్ర పట్టుకున్నది కూతురు. నర్సు.